మాలెట్ వేలు శస్త్రచికిత్స

మాలెట్ వేలు అనగా చేతివేలి చివరి కీలును చాచే స్నాయుబంధనం తెగిపోవుట వలన గాని, అది అంటుకొని ఉన్న ఎముక అంచు ఊడిపోవుట వలన గాని వేలికొన కిందికి వాలిపోయి, తనంతట తాను పైకి లేవలేని స్థితి. కొయ్యసుత్తిని ఆంగ్లంలో మాలెట్ అంటారు. వాలిన వేలు ఆ సుత్తి ఆకారాన్ని తలపించుట వలన ఈ పేరు వచ్చినది. బేస్‌బాల్ ఆటగాళ్ళలో తరచుగా కనిపించుట వలన అమెరికాలో దీనిని బేస్‌బాల్ వేలు అని కూడా అంటారు. స్నాయుబంధనాన్ని వైద్యులు టెండాన్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాలలోని స్నాయుబంధనం అనే మాటనే ఈ వ్యాసంలో వాడడం జరిగినది.

ఈ గాయం చూడటానికి చిన్నది. నొప్పి కొద్ది రోజులలో తగ్గిపోతుంది గనుక చాలామంది దీనిని పట్టించుకోరు. కాని సరైన చికిత్స లేనిచో వేలికొన శాశ్వతంగా వాలిపోవచ్చును, కొందరిలో వేలు మొత్తం వంకరపోతుంది. తెగినదానిని వెంటనే కుట్టివేయుటే ఉత్తమమని సామాన్యులకు తోచవచ్చును. ఈ ఒక్క స్నాయుబంధనం విషయంలో మాత్రం అది నిజం కాదు. చర్మం తెగని గాయాలలో అత్యధిక భాగం కేవలం బద్ద కట్టుతోనే నయమవుతాయి. శస్త్రచికిత్స కొన్ని నిర్దిష్టమైన పరిస్థితులకు పరిమితమైనది. ఆ పరిస్థితులు ఏవి, అప్పుడు ఏ విధమైన శస్త్రచికిత్స చేస్తారు అనునవి ఈ వ్యాసంలోని ముఖ్య విషయాలు.

వేలి నిర్మాణం

బొటనవేలు మినహా ప్రతి చేతివేలిలోను మూడు ఎముకలు ఉంటాయి. వీటిని అంగుళ్యాస్థులు అంటారు. అరచేతి వైపు నుండి ఇవి వరుసగా మొదటి, మధ్య, చివరి అంగుళ్యాస్థులు. మొదటి, మధ్య అంగుళ్యాస్థుల నడుమ ఉన్నది నడిమి కీలు. మధ్య, చివరి అంగుళ్యాస్థుల నడుమ, గోరుకు కొంచెం వెనుకగా ఉన్నది చివరి కీలు. మాలెట్ వేలులో దెబ్బ తినేది ఈ చివరి కీలు.

వేళ్ళను చాచే ప్రధాన కండరం ముంజేతి వెనుక భాగంలో ఉంటుంది. దాని స్నాయుబంధనాలు మణికట్టు మీదుగా వచ్చి, చేతి వెనుక చర్మం కింద తాళ్ళవలె కనిపిస్తాయి. వేలి మీదికి వచ్చిన తరువాత ప్రతి స్నాయుబంధనం మూడు పాయలుగా చీలుతుంది. మధ్య పాయ మధ్య అంగుళ్యాస్థి మొదలు వద్ద అంటుకొని అక్కడితో ఆగిపోతుంది. పక్క పాయలు రెండూ అరచేతిలోని చిన్న కండరాల నుండి వచ్చే పోగులను కలుపుకొని, నడిమి కీలుకు ఇరువైపులా సాగి, మధ్య అంగుళ్యాస్థి వీపు మీద మరల ఒకటిగా కలుస్తాయి. విడదీసిన జడ పాయలను చివర మరల ముడి వేసినట్లు ఉండే ఈ అమరికలో చివరి ముడియే అంత్య స్నాయుబంధనం. అది పలుచని రిబ్బను వలె ఉండి, గోటి మొదలుకు కొద్దిగా వెనుక, చివరి అంగుళ్యాస్థి వీపు అంచున అంటుకొంటుంది. చివరి కీలును చాచేది ఇదొక్కటే. దీనికి ఎదురుగా, అరచేతి వైపు ఉన్న ముడిచే స్నాయుబంధనం దీనికంటె ఎంతో బలమైనది. అందుచేత పైది తెగిన మరుక్షణం కిందది వేలికొనను తన వైపు లాగివేస్తుంది.

అంత్య స్నాయుబంధనం మందం సుమారు 1 మి.మీ. మాత్రమే. శవాల వేళ్ళపై జరిపిన పరిశీలనలో ఇది 1 మి.మీ. పొడవు సాగితే చివరి కీలు సుమారు 25 డిగ్రీలు వాలుతుందని తేలినది. అదే అర మిల్లీమీటరు కురుచైనా వేలికొనను ముడుచుట కష్టమవుతుంది. ఈ లెక్క గుర్తుంచుకోదగినది. కుట్టు వేయునప్పుడు చివరలను కొంచెం ఎక్కువ దగ్గరకు లాగినా, కొంచెం వదులుగా ఉంచినా ఫలితం తారుమారవుతుంది. ఇంత సన్నని అవకాశం గల చోట చేతి నైపుణ్యం ఎంత ఉన్నా చాలదు.

ఈ స్నాయుబంధనానికి ప్రకృతి ఇచ్చిన వరం ఒకటి ఉన్నది. ముడిచే స్నాయుబంధనం తెగినచో దాని పై కొన అరచేతిలోకి జారిపోగలదు. అటువంటి గాయానికి శస్త్రచికిత్స తప్ప మార్గం లేదు. అంత్య స్నాయుబంధనం అలా దూరం పోదు. చుట్టూ ఉన్న సన్నని పొరలు, సంధిబంధనాలు దానిని అక్కడే పట్టి ఉంచుతాయి. కీలును నిటారుగా నిలిపితే చాలు, తెగిన రెండు కొనలు దాదాపు ఒకదానినొకటి తాకుతాయి. వాటి నడుమ మచ్చ కణజాలం పెరిగి అతుకుతుంది. బద్ద కట్టు పనిచేయుటకు అసలు కారణం ఇదే.

చేతి శస్త్రవైద్యులు చాచే స్నాయుబంధనాల గాయాలను స్థానాన్ని బట్టి మండలాలుగా విభజిస్తారు. వెర్డాన్, క్లైనెర్ట్ అనే శస్త్రవైద్యుల పేర్లతో ముడిపడిన ఈ పద్ధతిలో వేళ్ళకు 8 మండలాలు. బేసి అంకెలు కీళ్ళ మీద, సరి అంకెలు ఎముకల మీద వస్తాయి. చివరి కీలు 1వ మండలం, నడిమి కీలు 3వది, పిడికిలి కణుపు 5వది, మణికట్టు 7వది. మాలెట్ వేలు 1వ మండలపు గాయం.

గాయం జరిగే తీరు

చాచి ఉన్న వేలికొనను ఏదైనా బలం అకస్మాత్తుగా కిందికి వంచినపుడు ఈ గాయం కలుగుతుంది. క్రికెట్ బంతి పట్టబోయి వేలి చివర తగిలించుకొనుట, వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆటలు, కబడ్డీలో ప్రత్యర్థిని పట్టుకొను ప్రయత్నం ఇందుకు ఉదాహరణలు. అయితే ఇది ఆటగాళ్ళకే పరిమితమని భావించుట పొరపాటు. పరుపు కిందికి దుప్పటి అంచు దోపుచున్నప్పుడు, బిగుతైన మేజోడు లాగుచున్నప్పుడు కూడా ఇది జరుగుతుంది. యువకులలో పెద్ద దెబ్బ వలన, వయసు మళ్ళిన స్త్రీలలో ఇటువంటి స్వల్ప కారణాల వలన ఎక్కువగా కనిపిస్తుంది. నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు తరచుగా దీని బారిన పడతాయి.

కత్తిపీట, కొడవలి, పగిలిన గాజు వంటి వాటితో కీలు వీపు మీద కోత పడినపుడు చర్మంతో పాటు స్నాయుబంధనం కూడా తెగవచ్చును. ఇది తెరిచిన గాయం. తలుపు సందున వేలు నలిగినపుడు చర్మం, స్నాయుబంధనం, గోరు, ఎముక అన్నీ ఒకేసారి దెబ్బతినవచ్చును.

గుర్తించుట

వేలికొన వాలి ఉంటుంది. రెండవ చేతితో లేపితే సులభంగా లేస్తుంది, వదలితే మరల వాలిపోతుంది. రోగనిర్ణయానికి దాదాపు ఇదే చాలు. కొందరిలో గాయం జరిగిన రోజున వాలు స్వల్పంగా ఉండి, కొద్ది రోజులలో పెరుగుతుంది. ఇందుకు సరిగా వ్యతిరేకమైన గాయం కూడా ఉన్నది. వేలికొన నిటారుగానే ఉండి, ముడువరాకపోతే తెగినది ముడిచే స్నాయుబంధనం. దానికి రోజుల వ్యవధిలోనే శస్త్రచికిత్స అవసరం గనుక ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

వేలికి పక్క నుండి తీసిన ఎక్స్-రే తప్పనిసరి. అందులో వైద్యుడు మూడు సంగతులు చూస్తాడు: ఎముక ముక్క ఊడినదా, ఊడితే అది కీలు ఉపరితలంలో ఎంత భాగం, చివరి అంగుళ్యాస్థి తన స్థానం నుండి అరచేతి వైపు జారినదా. ముందు నుండి తీసిన చిత్రంలో ఈ మూడూ స్పష్టపడవు.

చికిత్స లేకుండా వదలివేసిన వేలిలో మరొక మార్పు రావచ్చును. చివర తెగిన స్నాయుబంధన వ్యవస్థ వెనుకకు జరిగి, దాని బలమంతా మధ్య పాయ మీద పడుతుంది. అప్పుడు నడిమి కీలు అవసరానికి మించి వెనుకకు విరుచుకొంటుంది, చివరి కీలు ముందుకు వంగి ఉంటుంది. దీనిని హంసమెడ వైకల్యం అంటారు. కీళ్ళు సహజంగా వదులుగా ఉండేవారిలో ఇది త్వరగా వస్తుంది.

డాయిల్ వర్గీకరణ

చికిత్సను నిర్ణయించుటకు అమెరికా శస్త్రవైద్యుడు డాయిల్ చేసిన వర్గీకరణను ఎక్కువగా వాడుతారు. మొదటి రకంలో చర్మం తెగదు, ఎముక ఊడదు, లేదా చిన్న పెచ్చు మాత్రమే ఊడుతుంది. ఎక్కువ గాయాలు ఈ రకానికి చెందినవే. రెండవ రకం కోత గాయం. మూడవ రకంలో ఒరిపిడి వలన చర్మం, స్నాయుబంధనం కొంత మేర లేకుండానే పోతాయి. నాలుగవ రకం ఎముక విరుగుడు. ఇందులో మరల మూడు ఉపవిభాగాలు: పిల్లలలో ఎదుగుదల పలక వద్ద విరుగుట, కీలు ఉపరితలంలో 20 నుండి 50 శాతం వరకు గల ముక్క ఊడుట, 50 శాతానికి మించిన ముక్క ఊడి కీలు జారుట.

బద్ద కట్టు

శస్త్రచికిత్సను దేనితో పోల్చి చూడవలెనో తెలియుటకు బద్ద చికిత్స గురించి కొంత చెప్పవలసి ఉన్నది. చివరి కీలును మాత్రమే నిటారుగా నిలిపే చిన్న బద్దను 6 నుండి 8 వారాల పాటు రాత్రింబవళ్ళు ధరించాలి. ఆ తరువాత మరి కొన్ని వారాలు రాత్రులందు ధరించాలి. బ్రిటన్‌కు చెందిన చేతి శస్త్రవైద్యుడు స్టాక్ పేరుతో ప్రసిద్ధమైన ప్లాస్టిక్ బద్ద, స్పాంజి అతికించిన అల్యూమినియం రేకు, కొలతకు మలచిన ప్లాస్టిక్ బద్ద వాడుకలో ఉన్నాయి. నడిమి కీలును కట్టివేయనవసరం లేదు. అది కదులుచుండుటే మంచిది.

నియమం ఒక్కటే. ఈ 6 వారాలలో ఒక్క క్షణం కూడా వేలికొన వంగరాదు. వంగితే అప్పుడప్పుడే అల్లుకొంటున్న మచ్చ సాగిపోతుంది, లెక్క మరల మొదటి రోజు నుండి ప్రారంభించవలసి వస్తుంది. చర్మం శుభ్రపరచుటకు బద్దను తీయునపుడు వేలిని బల్లమీద బోర్లా ఆనించి ఉంచాలి, లేదా మరొకరు వేలికొనను పట్టుకొనాలి. కీలును మరీ వెనుకకు విరిచి కట్టినచో పలుచని చర్మానికి రక్తం అందక తెల్లబడి పుండు పడవచ్చును.

తెలుగునాట వేలు బెణికినదని భావించి నాటు కట్టు కట్టించుకొను అలవాటు ఉన్నది. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు రాష్ట్రాల ఎల్లలు దాటి పేరు పొందినది. ఈ గాయం విషయంలో ముఖ్యమైనది కట్టు బిగువు కాదు, కీలు ఉన్న భంగిమ. కట్టు ఎవరు కట్టినా, లోపల వేలికొన వంగి ఉన్నచో ఆ వారాలన్నీ వృథా అయినట్లే.

ఆలస్యమైనదని నిరాశపడనవసరం లేదు. గాయం జరిగి రెండు మూడు నెలలు గడిచినా, కీలు బిగుసుకుపోకుండా ఉన్నచో ముందుగా బద్దనే ప్రయత్నించుట వాడుక.

శస్త్రచికిత్స ఎవరికి?

కొన్ని సందర్భాలలో భిన్నాభిప్రాయానికి తావు లేదు. తెరిచిన గాయాన్ని కడిగి సరిచేయవలసినదే. చివరి అంగుళ్యాస్థి అరచేతి వైపు జారిపోయి, బద్ద కట్టినా తన స్థానానికి రానిచో శస్త్రచికిత్స చేయాలని ఎక్కువమంది శస్త్రవైద్యులు అంగీకరిస్తారు. చర్మం, స్నాయుబంధనం కొంత ఊడిపోయిన మూడవ రకానికి చర్మాన్ని కప్పు శస్త్రచికిత్స, తదుపరి స్నాయుబంధన పునర్నిర్మాణం అవసరపడతాయి.

వివాదం ఉన్నది ఎముక ముక్క పరిమాణం గురించి. ముక్క కీలు ఉపరితలంలో మూడవ వంతుకు మించినచో శస్త్రచికిత్స చేయాలనే సూత్రం చాలాకాలంగా పుస్తకాలలో ఉన్నది. కీలు ఉపరితలం ఎగుడుదిగుడుగా అతికితే ముందుముందు కీలు అరుగుతుందని దీని వెనుక గల వాదం. దీనికి ఎదురు నిలిచినవారు వెహ్బే, ష్నైడర్ అనే అమెరికా శస్త్రవైద్యులు. 1984లో ప్రచురించిన పరిశీలనలో వీరు, ముక్క పెద్దదైనను, కీలు కొంత జారినను, బద్దతో చికిత్స పొందినవారి ఫలితాలు శస్త్రచికిత్స ఫలితాలకు తీసిపోలేదని తెలిపారు. ఎముక కాలక్రమంలో తనను తాను మలచుకొని కీలును చాలవరకు సరిచేసుకొనుట వారు గమనించారు. 2004లో వెలువడిన కాక్రేన్ సమీక్ష అంతవరకు జరిగిన యాదృచ్ఛిక ప్రయోగాలను పరిశీలించి, వేటికి శస్త్రచికిత్స చేయవలెనో నిర్ణయించుటకు తగిన ఆధారాలు లేవని తేల్చినది. అందువలన ఎక్స్-రేలో పెద్ద ముక్క కనిపించినంత మాత్రాన శస్త్రచికిత్స అనివార్యమని రోగి భావించనవసరం లేదు. ముక్క ఎంత అనుదానికంటె కీలు జారినదా లేదా అనునదే ముఖ్యమైన ప్రశ్న.

మూడవ సందర్భం రోగి వృత్తికి సంబంధించినది. శస్త్రవైద్యులు, దంతవైద్యులు, కొన్ని వాద్యకారులు వేలికి బద్ద ధరించి తమ పని చేయలేరు. పని మానినచో జీవనం గడవనివారు కూడా ఉంటారు. నిత్యం నీటిలో, మట్టిలో చేతులు పెట్టవలసిన వారికి 8 వారాల బద్ద చెప్పినంత తేలిక కాదు. ఇటువంటివారికి లోపల తీగ అమర్చుట ఒక ప్రత్యామ్నాయం. అయితే తీగ ఉన్నంతకాలం బరువు పని, మురికి నీరు వద్దని చెప్పక తప్పదు గనుక ఇది అందరికీ పరిష్కారం కాదు.

చివరిది, బద్ద చికిత్స విఫలమై వేలికొన ఎక్కువగా వాలి ఉన్నవారు, హంసమెడ వైకల్యం ఏర్పడినవారు. 10 డిగ్రీల లోపు వాలు మిగులుట సర్వసాధారణం. దానికోసం కత్తి పట్టుట తగదు.

శస్త్రచికిత్స పద్ధతులు

మత్తు

ఎక్కువ సందర్భాలలో వేలి మొదట ఇరువైపులా లిగ్నోకెయిన్ సూది ఇచ్చి వేలిని మాత్రమే తిమ్మిరి పరుస్తారు. వేళ్ళకు ఇచ్చే మందులో ఎడ్రినలిన్ కలపరాదని, కలిపితే వేలు చచ్చుబడుతుందని వైద్య విద్యార్థులకు తరతరాలుగా బోధించారు. కెనడా శస్త్రవైద్యుడు లాలోండ్, ఆయన సహచరులు 2005లో 3,110 సందర్భాలను పరిశీలించి, తక్కువ గాఢతలో వాడిన ఎడ్రినలిన్ వలన ఒక్క వేలు కూడా పోలేదని చూపారు. ఎడ్రినలిన్ రక్తస్రావాన్ని తగ్గించుట వలన వేలి మొదట బిగించే రబ్బరు పట్టీ అవసరం కూడా తప్పుతుంది. పట్టీ వాడినచో పని ముగిసిన వెంటనే దానిని తీసినట్లు నిర్ధారించుకొనుట అతి ముఖ్యం. కట్టు కింద మరచిపోయిన పట్టీ వేలినే హరించగలదు.

కీలు గుండా తీగ

అన్నిటికంటె సులభమైన పద్ధతి ఇది. జర్మనీ శస్త్రవైద్యుడు మార్టిన్ కిర్ష్నర్ 1909లో ప్రవేశపెట్టిన ఉక్కు తీగలను ఆయన పేరుతోనే పిలుస్తారు. వాడుకలో కె-వైరు అంటారు. సుమారు 1 మి.మీ. మందం గల తీగను వేలి చివర నుండి చివరి అంగుళ్యాస్థి గుండా, నిటారుగా నిలిపిన కీలును దాటించి మధ్య అంగుళ్యాస్థిలోనికి ఎక్స్-రే తెర మీద చూస్తూ దించుతారు. స్నాయుబంధనాన్ని తాకరు, కుట్టరు. ఒక విధంగా ఇది వేలి లోపల దాచిన బద్ద. ప్రాట్ అనే అమెరికా శస్త్రవైద్యుడు 1952లో దీనిని వర్ణిస్తూ అంతర్గత బద్ద అనే మాటనే వాడాడు. తీగ కొనను చర్మం కింద పూడ్చినచో చేతులు కడుగుకొనవచ్చును. శస్త్రవైద్యులు తమ సొంత వేళ్ళకు కోరుకొను పద్ధతి ఇది. 6 నుండి 8 వారాల తరువాత తీగను తొలగిస్తారు. గడువుకు ముందే బరువు పనులు చేసినచో తీగ కీలు వద్ద వంగుట, విరుగుట సంభవిస్తాయి.

తెగిన గాయానికి కుట్టు

కోత గాయంలో ముందుగా కీలును బాగా కడుగుతారు. తరువాత స్నాయుబంధనాన్ని చర్మంతో కలిపి ఒకే కుట్టులో పట్టి కుట్టుట వాడుక. ఇంత పలుచని రిబ్బనును విడిగా కుట్టినచో దారం దానిని చీల్చుకొని వచ్చేస్తుంది, చర్మం ఆ దారానికి ఊతమిస్తుంది. కుట్టుతోపాటు బద్ద గాని తీగ గాని తప్పనిసరి. పంటి గాటు వలన కలిగిన గాయాలను, మట్టి చేరిన గాయాలను వెంటనే మూసివేయరు. ధనుర్వాతపు టీకా సంగతి చూచుకొనవలెను.

ఇషిగురో పద్ధతి

పెద్ద ఎముక ముక్క ఊడి కీలు జారినపుడు పూర్వం కీలును తెరిచి ముక్కను అమర్చేవారు. ముక్క చిన్నది, దానికి తీగ గుచ్చితే పగిలిపోయేది. జపాన్ శస్త్రవైద్యుడు ఇషిగురో 1988లో ప్రకటించిన ఉపాయం ఈ ఇబ్బందిని తప్పించినది. ఇందులో ముక్కకు తీగ గుచ్చరు.

ముందుగా చివరి కీలును పూర్తిగా ముడుస్తారు. అప్పుడు ఊడిన ముక్క వేలికొనతో పాటు ముందుకు వస్తుంది. ముక్కకు సరిగా వెనుక, స్నాయుబంధనం గుండా, మధ్య అంగుళ్యాస్థి తలలోనికి ఒక తీగను ఏటవాలుగా దించుతారు. ఇప్పుడు వేలికొనను నిటారుగా చాచినచో, వెనుకకు పోవుటకు దారిలేని ముక్క ఆ తీగకు ఆని ఆగిపోతుంది. ముందుకు వచ్చిన చివరి అంగుళ్యాస్థి దానితో కలిసి అమరుతుంది. తలుపు వెనుకకు పోకుండా పెట్టిన అడ్డు వంటిది ఆ తీగ. ఆ స్థితిలో కీలు గుండా రెండవ తీగను దించి వేలిని నిలుపుతారు. చర్మం మీద కోత ఉండదు. 4 నుండి 6 వారాలలో తీగలు తీస్తారు. గాయం కొత్తదిగా ఉన్నపుడే ఇది సజావుగా సాగుతుంది. వారాలు గడిచి ముక్క చుట్టూ మచ్చ అల్లుకొన్నచో ముక్క కదలదు.

కీలును తెరిచి సన్నని స్క్రూలు, కొక్కెం ఆకారపు చిన్న పలకలు, వేలి మెత్తటి భాగం మీద గుండీకి కట్టే తీగ, ఎముకలో దిగే కొక్కెపు కుట్టు వంటివి వాడుట కూడా ఉన్నది. చర్మం పలుచన, గోటి మొదలు అతి సమీపం గనుక వీటిలో చిక్కులు ఎక్కువ. మూసిన పద్ధతితో ముక్క అమరనపుడే వీటిని ఎంచుకొనుట మంచిది.

పాత గాయాలకు శస్త్రచికిత్సలు

నెలలు గడిచిన వేలిలో స్నాయుబంధనం తెగి ఉండదు. సాగిన మచ్చతో అతికి, పొడవు పెరిగి ఉంటుంది. కావున ఇక్కడి సమస్య అతికించుట కాదు, కురుచ చేయుట. ఏ పద్ధతికైనా ముందు కీలు రెండవ చేతితో లేపితే నిటారుగా వచ్చేటట్లు ఉండాలి.

ఫ్రాన్స్ శస్త్రవైద్యుడు ఇసెలిన్, ఆయన సహచరులు 1977లో వర్ణించిన పద్ధతిలో, కీలు వీపు మీద చర్మంతో సహా మచ్చ పడిన స్నాయుబంధనాన్ని చీలిక ఆకారంలో కొద్దిగా కోసి తీసివేసి, రెండు అంచులను చర్మంతో కలిపి కుట్టివేస్తారు. దీనిని టెనోడెర్మోడెసిస్ అంటారు. తీగతో కీలును కొన్ని వారాలు నిలుపుతారు. పిల్లలలో కూడా ఇది చక్కగా పనిచేస్తుంది.

ఫౌలర్ పేరుతో ప్రసిద్ధమైన శస్త్రచికిత్స వినుటకు విడ్డూరంగా తోస్తుంది. వేలి చివర గాయమైతే, కోసేది నడిమి కీలు దగ్గర మధ్య పాయను. పైన వివరించిన జడను గుర్తు తెచ్చుకొంటే ఇందులోని యుక్తి తెలుస్తుంది. మధ్య పాయ తెగగానే, దానికి కట్టుబడి ఉన్న పక్క పాయలు వెనుకకు జరుగుతాయి. వాటితో పాటు అంత్య స్నాయుబంధనం కూడా వెనుకకు లాగబడి, సాగిన పొడవు సర్దుకొంటుంది, వేలికొన లేస్తుంది. నడిమి కీలును విరుస్తున్న బలం కూడా తగ్గుతుంది గనుక హంసమెడకు ఇది విరుగుడు. సుమారు 35 డిగ్రీల వరకు వాలును ఇది సరిచేయగలదు. మచ్చ గట్టిపడిన తరువాతనే, అనగా గాయం జరిగి దాదాపు 6 నెలలు గడిచాకనే చేస్తారు. కోయునపుడు నడిమి కీలు మీది మిగిలిన పొరలు కూడా తెగినచో ఆ కీలు వంగిపోయి, ఉన్న వైకల్యం పోయి కొత్త వైకల్యం వచ్చును.

హంసమెడ తీవ్రంగా ఉన్నపుడు మణికట్టు వద్ద నుండి తీసిన సన్నని స్నాయుబంధనాన్ని వేలి చివరి నుండి ఏటవాలుగా అరచేతి వైపు తిప్పి, మొదటి అంగుళ్యాస్థికి కట్టే పద్ధతిని థాంప్సన్, లిట్లర్, అప్టన్ 1978లో వర్ణించారు. కీలు అరిగి నొప్పి పెట్టువారికి చివరి కీలును నిటారుకు దగ్గరగా శాశ్వతంగా అతికించివేయుటే మార్గం. కదలిక పోతుంది, కాని నొప్పి పోతుంది, పట్టు నిలుస్తుంది.

పిల్లలలో ప్రత్యేక జాగ్రత్త

పిల్లల వేలు తలుపు సందున పడి, వేలికొన వాలి, గోరు మొదలు చర్మం మీదికి ఊడి వచ్చినట్లు కనిపిస్తే అది మాలెట్ వేలు వలె ఉన్నను మాలెట్ వేలు కాదు. అక్కడ స్నాయుబంధనం చెక్కుచెదరదు, ఎముక ఎదుగుదల పలక వద్ద విరుగుతుంది. 1966లో సీమోర్ దీనిని వర్ణించుట వలన సీమోర్ విరుగుడు అంటారు. గోటి కింది చర్మం విరిగిన సందులో ఇరుక్కుపోతుంది గనుక ఎముక అతుకదు, చీము చేరుతుంది. గోరు ఎత్తి, ఇరుక్కున్న చర్మాన్ని విడిపించి, కడిగి, ఎముకను అమర్చి, అవసరమైతే తీగతో నిలిపి, యాంటీబయాటిక్ ఇవ్వాలి. బద్ద మాత్రమే కట్టి పంపినచో ఎముకకు చీము పట్టుట, గోరు వంకరగా పెరుగుట, వేలు కురుచగుట సంభవించవచ్చును. వేలికొన వాలిన పిల్లలందరికీ పక్క ఎక్స్-రే తీయించుట అందుకే అవసరం.

చిక్కులు

స్టెర్న్, కాస్ట్రప్ 1988లో ప్రచురించిన పరిశీలన ఈ విషయంలో తరచుగా ఉటంకించబడుతుంది. శస్త్రచికిత్స పొందిన వేళ్ళలో సగానికి పైగా ఏదో ఒక చిక్కు కలిగినది. బద్ద కట్టిన వేళ్ళలో కూడా సగానికి కొంచెం తక్కువ భాగంలో చిక్కులు కనిపించాయి. అంకెలు దగ్గరగానే ఉన్నను స్వభావంలో చాలా తేడా ఉన్నది. బద్ద వలన కలిగినవి చర్మం పాచిపోవుట, ఒరుసుకొనుట వంటివి, బద్ద తీశాక చాలావరకు మానిపోయినవి. శస్త్రచికిత్స వలన కలిగిన చీము, గోటి వైకల్యం, కీలు బిగుసుకొనుట, కీలు ఉపరితలం సరిగా అమరకపోవుట వంటివి ఎక్కువ భాగం తరువాతి కాలంలో కూడా మిగిలినవి. తీగ పెట్టినచోట ఎరుపు, వాపు, చీము కనిపిస్తే గడువు కొరకు ఆగక వైద్యుని సంప్రదించాలి. మధుమేహం ఉన్నవారు, పొగ త్రాగువారు మరింత జాగ్రత్త వహించాలి.

ఫలితాలను క్రాఫర్డ్ 1984లో ప్రతిపాదించిన కొలత ప్రకారం లెక్కిస్తారు. పూర్తిగా చాచగలిగి, పూర్తిగా ముడువగలిగి, నొప్పి లేనిచో అత్యుత్తమం. 10 డిగ్రీల లోపు వాలు ఉంటే మంచిది. 10 నుండి 25 వరకు ఒక మోస్తరు. 25కు మించినా, నొప్పి నిలిచిపోయినా ఫలితం బాగులేనట్లు.

తీగ తీసిన తరువాత

తీగ తీసిన రోజున వేలు బిగుసుకొని ఉంటుంది. బలవంతంగా వంచరాదు. మొదటి వారంలో 20 నుండి 25 డిగ్రీల వరకు మాత్రమే స్వయంగా ముడుచుట, వాలు కనిపించకపోతే వారం వారం కొంచెం పెంచుట పద్ధతి. వాలు కనిపించినచో రెండు వారాలు మరల బద్ద కడతారు. రాత్రి బద్ద మరి 2 నుండి 4 వారాలు కొనసాగుతుంది. చివరి కీలు మీద చిన్న బొడిపె మిగులుట సహజం. చలికాలంలో కొంత నొప్పి, ఎరుపు కొన్ని నెలల వరకు ఉండవచ్చును. బిగువు తగ్గి వేలు తన వాడుకకు వచ్చుటకు సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. బద్ద తీసిన తరువాత కూడా కొంతకాలం వరకు వాలు స్వల్పంగా మెరుగుపడుట గమనించబడినది.